గుమ్మం బయట బూట్లు

బర్మింగ్‌హామ్
1961, చలికాలం

నందిగామ బడిలో పిల్లల్ని, ఇంట్లో బావగారిని ఒకే బెత్తంతో ఏలుతున్న మా సువార్తక్కకు తమ్ముడు ప్రభాకర్ వందనాలు.

నేను క్షేమం. అక్కడ అమ్మా, నువ్వూ, బావగారూ, పిల్లలూ క్షేమమని తలుస్తాను. బాగానే తింటున్నా, కంగారుపడకు. తినేది ఉడకబెట్టిన బంగాళాదుంప. పాపం, దానికి కారమంటే ఏమిటో తెలియదు.

బి.ఏ. చదివిన నీ తమ్ముడు బస్సులో టిక్కెట్లు కొడుతున్నాడు. నా గదిలోనే ఉండే సిరిల్‌దీ అదే ఉద్యోగం. పంతొమ్మిదేళ్లవాడు, జమైకా నుంచి వచ్చాడు. జమైకా ఎక్కడ, జగ్గయ్యపేట ఎక్కడ! ఇల్లుగలావిడకి మాత్రం మేమిద్దరం ఒకే ఊరి నల్లబ్బాయిలం. మన పేటలో నాది చామనఛాయ కదా, ఇక్కడ ప్రమోషనిచ్చారు. సిరిల్‌తో అంటే, "మా ఊళ్లో నేను ఒట్టి సిరిల్‌నేనోయ్. నల్లవాణ్ణని ఓడ దిగాకే తెలిసింది" అన్నాడు.

చిన్నప్పట్నుంచీ వాళ్ల చర్చిలో పాడినవాడు, వచ్చిన మూడు నెలల్లో నోరెత్తి పాడలేదు. ఇక్కడి చర్చి పాటల బృందంలో చోటివ్వకపోతే తిరుగు ఓడ ఎక్కేస్తానన్నాడు. సరే, పోయిన నెల ఓ ఆదివారం ఇద్దరం వెళ్లాం. నేను మన అలవాటు కొద్దీ గుమ్మం బయట బూట్లు విప్పాను. ఇంగ్లీషువాళ్ల మర్యాద కాబోలనుకుని సిరిలూ విప్పేశాడు. మంచులో! లోపల జనమంతా దేవుణ్ణి వదిలేసి, నా మేజోడులోంచి తొంగిచూస్తున్న బొటనవేలిని దర్శించుకున్నారు.

బయటికొస్తే బూట్లు లేవు. ఎవరో పెద్దావిడ తీసి, పేదలకిచ్చే పాత సామాన్ల పెట్టెలో వేసిందట. అడిగితే, "అయ్యో, సరిపోయేవి ఏరుకోండి నాయనా" అంది. మా బూట్లే మాకు దానం. దణ్ణం పెట్టి తీసుకున్నాం.

పాస్టరుగారు సిరిల్ చెయ్యి పట్టుకుని మహా ప్రేమగా, "బృందంలో ఖాళీ లేదు బాబూ. మీవాళ్ల మధ్యయితే మీకూ హాయిగా ఉంటుంది" అన్నారు.

నాన్న కుర్రతనంలో పెద్దకులాలవాళ్ల వీధిలో చెప్పులు విప్పకపోతే తప్పట కదక్కా. ఇక్కడ విప్పితే తప్పయింది.

గదికి రాగానే సిరిల్ పెట్టె సర్దడం మొదలుపెట్టాడు. నాకేం తోచక, బూట్లు గుమ్మం బయట వదిలి, నేల మీద మఠం వేసుక్కూచుని మన కీర్తన ఒకటి ఎత్తుకున్నా. నా గొంతు సంగతి నీకు తెలుసు. రెండో చరణానికే వాడు చెవులు మూసుకుని, "ఆపవయ్యా బాబూ! పాడేది అలా కాదు" అని తన పాట అందుకున్నాడు. పెట్టె మంచం కిందికి పోయింది.

మరుసటి వారం పక్కవీధి జమైకావాళ్లు పాట విని వచ్చారు. బూట్లెందుకు విప్పాలని అడిగితే సిరిల్ ఎంతో గంభీరంగా, "మా చర్చి మర్యాద" అన్నాడు.

కాబట్టి విన్నపమేమంటే, ఇటు వచ్చేవాళ్లెవరైనా ఉంటే ఒక పెద్ద ఈతచాపా, కాస్త కారప్పొడీ పంపు. అమ్మకూ, సంఘ పెద్దలకూ వందనాలు. మా కోసం ప్రార్థించమను. నా గొంతు కోసం మాత్రం వద్దు, దేవుణ్ణి ఇబ్బంది పెట్టకూడదు.

నిన్న ఆదివారం మా గుమ్మం బయట తొమ్మిది జతల బూట్లున్నాయక్కా. ఒక్కటీ పోలేదు.

నీ బెత్తానికి దూరంగా, నీ దీవెనకు దగ్గరగా ఉన్న
తమ్ముడు ప్రభాకర్