ఐసుపెట్టెలో తెచ్చిన డబ్బా

మైపాడు,
ఆదివారం.

అబిగయీలూ,

ఇది ఫోనులో చెప్పే మాట కాదు, పక్కనే మీ బావ ఉంటాడు. చదివాక చించెయ్యి.

వచ్చే వారం పిల్లల కోసం నువ్వూ ఫ్రెడ్డీ నేను చూపించుకున్న ఆసుపత్రికే వెళ్తున్నారని అమ్మ చెప్పింది. నాకు అక్కడే కడుపు నిలిచిందని మీ నమ్మకం.

నాకు గర్భసంచిలోకి వీర్యం ఎక్కించిన రోజు, మీ బావను ఇంటి దగ్గరే డబ్బాలో పట్టి తెమ్మన్నారు. వాళ్లు చెప్పినట్టే అంతకు ముందు వారం రోజులూ మేం దూరంగా ఉన్నాం. ఎలా తేవాలో ఎవరూ చెప్పలేదు. పడవ మీద బతికే మనిషి కదా, చెడిపోకూడనిది ఏదైనా ఐసులో పెట్టాలన్నదే ఆయనకు తెలుసు. చేపల ఐసుపెట్టెలో ఆ డబ్బా పెట్టి, ఆటోలో గంటసేపు ఒళ్లో పట్టుకుని కూర్చున్నాడు. ల్యాబులో అమ్మాయి డబ్బా తాకి, ఆయన ముఖం చూసి లోపలికి పోయింది. కాసేపటికి వచ్చి, "కణాలు బ్రహ్మాండంగా ఉండాయి" అంది. ఆ సాయంత్రమే మీ బావ వేటకు పోయాడు. తిరిగొచ్చేసరికి నాకు నెల తప్పింది.

నిన్న ఐదో నెల పరీక్షకు వేరే డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. అక్కడ గోడ మీద రాసి ఉంది: డబ్బాను ఒంటి వెచ్చదనంలో, గంటలోపు తేవాలని. ఐసులో పెడితే ఏమవుతుందని అడిగాను.

"చచ్చిపోతాయమ్మా. ఎక్కించినా ఏం లాభం?" అంది.

అక్కడికి వెళ్లకండి. ఎక్కడికి వెళ్లినా, ఎక్కించే గొట్టం మీద ఫ్రెడ్డీ పేరు నీ కళ్లతో చూసుకున్నాకే బల్ల మీద పడుకో. కారణం ఎవరికీ చెప్పొద్దు.

వేట నుంచి రాగానే మీ బావ నా కడుపు మీద చెయ్యి పెడతాడు. "ఆ పొద్దు ఐసు దండిగా ఏసినా కాబట్టే బిడ్డ నిలిచినాడు" అని నవ్వుతాడు. నేనూ నవ్వుతున్నాను.

మీ అక్క