నీ అంగీ ఎడమ చెయ్యి

మహారాజశ్రీ నాయన గారి సముఖమునకు, నీ ఎమ్మెస్సీ కొడుకు విన్నవించునది ఏమనగా,

నువ్వు పోయి ఏడాది నిండిన వారమే మా సముద్రపు బ్యాక్టీరియా గెలిచింది. ఖమ్మం ల్యాబుల దాన్ని ఉప్పునీళ్ళల్ల పెంచుతున్ననంటే, "దీనికి ఎమ్మెస్సీ ఎందుకురా, మీ అమ్మ ఆవకాయ జాడీల చూడరాదా" అన్నవు. అదే ఇప్పుడు నూనె మరకల్ని కరిగించే ఎంజైమ్ ఇచ్చింది.

పరీక్షకు నూనె మరకల బట్ట కావాలన్నడు మా సారు. అశ్వారావుపేట పామాయిల్ మిల్లుల పనిచేసినోడి ఇంట్ల మరకలకు కరువా? మంచం కింద సంచిల ఉన్న నీ పాత అంగీ చేతులు రెండూ కత్తిరించుకపోయిన. కుడి చెయ్యి ఎంజైమ్‌ల నానబెడితే, ఏ సబ్బుకూ లొంగని ఎర్ర మరక మాయమైంది. సారు భుజం తట్టిండు. రెండు చేతులూ ఇంటికి తెచ్చి అమ్మకు గొప్పగా చూపించిన.

అమ్మ మరక పోయిన ముక్కను వాసన చూసింది. "మీ నాయన ఆఖరి డ్యూటీ అంగీ ఇది. ఉతకకుండ దాచిన" అన్నది. తిట్టలేదు. తిడితే బాగుండు.

ఒక్కసారి వస్తే ఫలితం కాదన్నడు సారు, అదే బట్ట మీద మళ్ళ చెయ్యాలంట. మరక పోని ఎడమ చెయ్యి ఇప్పుడు అమ్మ దిండు కింద ఉంది. "నీ నౌకరికి కావాలంటే తీస్కపో బిడ్డా" అన్నది గని, దిండు మీంచి తల ఎత్తలేదు.

సారుకేమో రేపు తెస్తనని చెప్పిన. అమ్మకేమో అక్కర్లేదని చెప్పిన. రెండిట్ల ఏది అబద్ధమో, నువ్వుంటే అడిగేటోణ్ణి.