మామిడికాయలకు వేణ్నీళ్లు

జూన్ 18
తైపే షాపు నుంచి మిస్ పెంగ్ ఫోన్. మా మామిడిపళ్లు అరల్లో పెట్టగానే నల్లమచ్చలెక్కాయట. ఇంకొక్క లోడు ఇలా వస్తే ఇక మీ కాయలు మాకొద్దు అంది. ఆ షాపు పోతే మాకు దిక్కు లేదు.

జూన్ 19
పంటల డాక్టర్ వచ్చి చూశాడు. పూతప్పటి వానలకే బూజు తొక్కలో దూరి నిద్రపోతుందట, పండు మెత్తబడగానే లేస్తుందట. కోసిన రోజే వేణ్నీళ్లలో కాసేపు ముంచమన్నాడు. తొట్టి అద్దెకు తెచ్చాను.

అత్తయ్య అడ్డంగా నిలబడింది. ఏమే, బంగారంలాంటి కాయల్ని సూప్ కాస్తావా అంది. మా ఆయన జిన్‌షెంగ్ ఎప్పట్లాగే బాత్రూంలో దాక్కున్నాడు.

సాయంత్రం 6
పంచాయితీ నేలతాత దగ్గరికి వెళ్లింది. పొలం కాపాడే దేవుడు కదా, కాయల సంగతి ఆయనే తేల్చాలట. ఇంట్లో పూజ బల్ల మీదున్న ఆయన చెక్క విగ్రహం ముందు అత్తయ్య చంద్రవంక బిళ్లలు రెండూ విసిరింది. ఒకటి బోర్లా, ఒకటి వెల్లకిలా పడితే సరేనని. రెండూ వెల్లకిలా పడ్డాయి. అంటే తాత నవ్వాడని లెక్క. మళ్లీ విసిరింది, మళ్లీ నవ్వాడు. చూశావా, నీ వేణ్నీళ్లకి తాతకే నవ్వొస్తోంది అంది. మీ మొండితనానికి నవ్వుతున్నాడు అత్తయ్యా అన్నాను.

అనాల్సింది కాదు.

జూన్ 20
అత్తయ్య తోటలోకెల్లా నున్నటి కాయలు ఏరి, ముంచకుండా, తాత ముందు పేర్చింది. ఎవరూ ముట్టుకోకూడదట.

జూన్ 26
గుడి ఆడవాళ్లు టీకి వచ్చారు. తాత ముందు పళ్లు తొడిమల దగ్గర్నుంచి కుళ్లి, రసం ఆయన పాదాల దాకా కారింది. ఒకటే కంపు. లిన్ పెద్దమ్మ ముక్కు మూసుకుని, ఏమమ్మా, దేవుడికి పెట్టేవి ఇవా, మా పందులైనా తింటాయా అంది. అత్తయ్య ముఖం మాడిపోయింది. నవ్వాపుకోలేక వంటింట్లోకి పరిగెత్తాను. తర్వాత పాపం అనిపించింది. ఆవిడ ఏరినవి నిజంగా మంచి కాయలే.

వాళ్లటు వెళ్లగానే బిళ్లలు విసిరింది. ఈసారి సరేనని పడ్డాయి. తాత ఒప్పుకున్నాడు, ముంచు, నేను మొదట్నుంచీ చెబుతూనే ఉన్నాగా అంది!

జూన్ 27
లోడు ముంచి పంపాం. థర్మామీటర్ అత్తయ్య చేతిలోనే. నన్ను ముట్టుకోనివ్వలేదు.

జూలై 4
మిస్ పెంగ్ ఫోన్. ఒక్క మచ్చ లేదట! సీజనంతా మా కాయలే కావాలట. ఏడ్చేశాను. అత్తయ్య ఫోన్ లాక్కుని, కిటుకు నాదేనని చెప్పింది.

జూలై 5, ఉదయం
తొట్టిలో మామిడికాయల మధ్య నేలతాత, మెడదాకా. బుగ్గ మీద బూజు చుక్క కనిపించిందట. అత్తయ్య వాచీ చూసుకుంటూ, ఇంకా టైముంది, కదపకు అంది.