అక్షరాలు దిద్దించే ఉద్యోగం

కుమరేశన్ మామకు,

నీ ముందుచూపుకు దండం. చిన్నప్పుడు అవ్వ నాకు తెలుగు అక్షరాలు దిద్దిస్తుంటే, “ఈ వంకర గీతలు యాడ కూడు పెడతాయి? కంప్యూటర్ సైన్స్ చదువు” అన్నావు. నాలుగేళ్లు అదే చదివాను.

సారం పేటలో ఒక కంప్యూటర్ కంపెనీ ఇంటర్వ్యూకు వంద మందిమి వెళ్లాం. అందరూ మన తమిళ బడుల్లో చదివినవాళ్లే, అందరికీ కోడింగ్ వచ్చు. కోడ్ ఇప్పుడు మిషనే రాసుకుంటుందట. అది తెలుగు చదివేటప్పుడు చేసే తప్పులు దిద్దడానికే మనిషి కావాలన్నారు. తెలుగు చదవడం వచ్చింది నా ఒక్కదానికే.

సోమవారం చేరుతున్నాను. అంతా నీ సలహా వల్లేనని మీ ఊరు అరియాంకుప్పంలో చెప్పుకో, నేనేమీ అనను.

నీకు తెలుగు చదవడం రాదు కనుక, ఈ ఉత్తరం నీ ఫోనే చదివి వినిపిస్తూ ఉంటుంది. తప్పులు చదివితే ఓర్చుకో. సోమవారం నుంచి దానికి అక్షరాలు దిద్దించేది అవ్వ మనవరాలే.

నీ మేనకోడలు