తొమ్మిది సెకన్ల అతుకు

మార్చి 4
మళ్ళీ అదే బగ్. ఆసుపత్రి మంచం పక్కన ఉండే మా కంపెనీ మానిటర్ కరెంటు ఆదా కోసం మధ్యమధ్య నిద్రపోతుంది. లేచినప్పుడు లోపలి సెన్సర్ కార్డు ఒక్కోసారి పలకదు. నాకంటే ముందు ఈ పని చూసిన పెద్దాయన రిటైరవుతూ, ఆ కార్డుని నడిపే ప్రోగ్రాం అయిన డ్రైవర్‌లో ఒక లైను రాసి వెళ్ళారు: కార్డు లేచేదాకా అర సెకను ఆగు. పక్కనే కామెంట్: తాత్కాలికం, తర్వాత తీసేయాలి. ఆ అర సెకను పెరిగి పెరిగి ఇప్పుడు తొమ్మిదైంది. ఆగినంతసేపూ అలారం మోగదు.

మా మేనేజర్‌కి మేం పెట్టుకున్న పేరు సర్దుబాటు సార్. పన్నెండు చెయ్యమ్మా, పోతుంది అన్నారు. ఒళ్ళు మండిపోయింది. అతుకుల బొంతకి ఇంకో అతుకు.

మార్చి 5
అక్క నర్సు. వాళ్ళ వార్డులో ఉన్నవి మా మానిటర్లే. నీ పెట్టె ఒళ్ళు విరుచుకుని లేచి అరిచేలోపు నేనే వెళ్ళి చూసొస్తున్నానే అంది. ఇద్దరం నవ్వుకున్నాం. ఫోన్ పెట్టేశాక భయమేసింది. తను ఇంకో మంచం దగ్గరుంటే?

మార్చి 9
పోరగా పోరగా సార్ ఒప్పుకున్నారు. డ్రైవర్ మొత్తం తిరగరాయడానికి నెలాఖరు దాకా గడువు. టెస్టు పాసవ్వకపోతే పాతదానికే పన్నెండు సెకన్లు, ఇక జన్మలో ఆ ఊసెత్తకూడదట.

మార్చి 17
తిండి ధ్యాస లేదు. నా పద్ధతిలో ఆగడమే లేదు. కార్డు సిద్ధమవగానే తనే చెబుతుంది, డ్రైవర్ అందుకుంటుంది. అంతే. ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళా!

మార్చి 24
పనిచేసింది! లేస్తూనే అలారం. వెంటనే అక్కకి ఫోన్ చేసి, ఇక నువ్వు పరిగెత్తక్కర్లేదే అన్నాను. సంబడం, ముందు మా వార్డుకి రానీ అంది. కానీ గొంతులో సంతోషం తెలుస్తూనే ఉంది.

మార్చి 29
అన్నీ కలిపి టెస్టు చేస్తే స్క్రీన్ ప్రోగ్రాం కూలిపోయింది. తర్వాత సౌండ్. తర్వాత రికార్డింగ్.

డ్రైవర్ ఎలాగూ తొమ్మిది సెకన్లు ఆగుతుంది కదా అని ఎవరికి వాళ్ళు తమ పనులన్నీ ఆ సందులో సర్దుకున్నారు. ఆ సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు. నా కోడ్‌లో తప్పు లేదు. అందుకే అన్నీ కూలుతున్నాయి.

మీవి మార్చండి అని మూడు టీముల చుట్టూ తిరిగాను. స్క్రీన్ టీమ్ లీడ్ జాలిగా చూశాడు. ప్రస్తుతానికి మీరే సర్దుకోండి మేడమ్, వచ్చే వెర్షన్‌లో చూద్దాం అన్నాడు. గోడకి చెప్పుకున్నా ఒకటే. బాత్రూమ్‌లోకి వెళ్ళి ఏడ్చాను.

మార్చి 31
కొత్త డ్రైవర్ టెస్టు పాసైంది. సర్దుబాటు సార్ కేక్ తెప్పించారు. ఎలా పాసైందని ఒక్కరూ అడగలేదు.

అక్క రెండుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు.

ఏప్రిల్ 2
నా కొత్త డ్రైవర్‌లో, టెస్టు ముందురోజు రాత్రి నా చేత్తో రాసిన లైను: తొమ్మిది సెకన్లు ఆగు. పక్కనే కామెంట్: తాత్కాలికం. దయచేసి తీయకండి.