మంగ్లీ అక్క ఫోన్

మంగళవారం రాత్రి

ఈ రోజు తరిగొప్పుల దగ్గరి తండా నుంచి మంగ్లీ అక్క జనగామలో మా లాయర్ ఆఫీసుకు వచ్చి తన ఫోన్ ఇచ్చింది. నకిలీ పత్తి విత్తనాల మీద రైతులందరూ కలిసి వేసిన కేసుకు, ఆ ఫోన్‌లో ఉన్న డీలర్ వాయిస్ మెసేజే ప్రాణం.

"దీంట్ల సచ్చిపోయిన మా అవ్వ పాట గూడ ఉంది మేడం. అది తీసెయ్యాల్నా?"

"వద్దక్కా. ఒక్కటి తీసినా మనమే ఏదో మార్చినమంటరు."

కోర్టుకు ఇవ్వడానికి ఫోన్‌కు సీలు వేసేముందు ఆమె ఆ పాట పెట్టింది. లంబాడీ నాకు రాదు. అయినా ఆఫీసంతా పత్తిచేను గాలికి మెల్లగా ఊగినట్టు అనిపించింది. ఇప్పటికీ చెవుల్లో ఆ గొంతే.

పాట కాపీ చేసి ఇస్తానన్నాను.

"ఏంట్ల ఇనాలె మేడం? ఇంట్ల గిదొక్కటే ఫోను" అని నవ్వి, దాన్ని నా చేతిలో పెట్టింది.

ఫోన్ కోర్టు నుంచి ఎప్పుడు తిరిగొస్తుందని ఆమె అడగలేదు. అడిగి ఉంటే ఏం చెప్పేదాన్నో…