ముప్పై అయిదు గ్రాములు

జూన్ 4

ఈ రోజు మళ్ళీ అదే. సాక్షి చెప్పేది ఇంకా సగంలో ఉండగానే కుడిచేతి చిటికెన వేలు, ఉంగరపు వేలు మొరాయించాయి. కొట్టాననుకున్న అక్షరం పడదు. పడిందో లేదో చూసుకునేలోపు సాక్షి రెండు మాటలు ముందుకు వెళ్ళిపోతాడు. కోర్టులో నా కోసం ఎవరూ ఆగరు.

పదకొండేళ్ళుగా చేస్తున్న పని. లాయరమ్మకి వినపడదు. ముప్పై ఏళ్ళ వయసులో జ్వరం వచ్చి రెండు చెవులూ పోయాయి. వాదించడం మాత్రం మానలేదు. జడ్జిగారు అన్నది, సాక్షి చెప్పింది, ఎదుటి వకీలు గొణిగింది, అన్నీ నేను పక్కన కూర్చుని టకటకా కొడితే ఆవిడ ముందున్న స్క్రీన్ మీద పడతాయి. ఆవిడ చదువుకుని, లేచి నోటితో జవాబు చెబుతుంది. మా ఆయన నన్ను లాయరమ్మ చెవి అంటారు. నాకు ఆ మాట నచ్చదు గానీ అబద్ధమేమీ కాదు.

తప్పు కీబోర్డుదే. బిగుసుకుపోయింది.

జూన్ 7, సాయంత్రం

తమ్ముడు వచ్చాడు. వాడికి కీబోర్డుల పిచ్చి. ఇంట్లో తొమ్మిది ఉన్నాయి, కొట్టడానికి ఒక్క ఉత్తరం ముక్క లేదు. నా గోడంతా విని, దీన్ని పారేయక్కర్లేదు, లోపల స్ప్రింగులు మారిస్తే చాలన్నాడు. ప్రతి మీట కిందా ఒక స్విచ్, ప్రతి స్విచ్‌లో ఒక స్ప్రింగు. నా దాంట్లోవి అరవై ఏడు గ్రాములవట, అంటే అంత బరువు పెడితేనే మీట దిగుతుంది. యాభై అయిదువి వేస్తే వేలికి సుఖంగా ఉంటుందన్నాడు. వాడి సంచీలో ఆ స్ప్రింగులు ఉండనే ఉన్నాయి. జన్మకి ఒక్కసారైనా పనికొచ్చాడు.

జూన్ 8, ఆదివారం

ఎనభై ఏడు స్విచ్‌లు. మీట టోపీ పీకాలి. స్విచ్ ఊడదీయాలి. దాని నాలుగు కొక్కేలూ ఒకేసారి విప్పాలి. పైడొప్ప తీసి, లోపలి కాడ తీసి, పాత స్ప్రింగు తీసి, కొత్తది నిలబెట్టి, మళ్ళీ అన్నీ వరసగా మూయాలి. మొదటి స్ప్రింగు ఎగిరి నా కళ్ళజోడుకి తగిలి ఎటు పోయిందో దేవుడికెరుక. రెండోది చేతిలోనే వంకర పోయింది. పదో స్విచ్ దాకా తిట్టుకుంటూనే చేశాను. తర్వాత తిట్టడానికి కూడా ఓపిక లేకపోయింది.

భోజనాల బల్లంతా నేనే పరిచి పెట్టుకున్నానని మా ఆయన పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని తిన్నారు. మధ్యలో లేచి నాలుగుసార్లు ఇల్లంతా తిరిగొచ్చాను. నేను ఒక్కచోట కుదురుగా కూర్చునేది కోర్టులోనేనని ఆయన ఎప్పుడూ అంటారు.

పట్టకారు కుడిచేతికి కుదరలేదు. ఎడమచేత్తో పట్టుకుని చేశాను. అందుకే ఇంత ఆలస్యమైంది.

జూన్ 9

వేళ్ళు ఎగురుతున్నాయి! ఈ రోజు లైన్లు త్వరగా వస్తున్నాయని లాయరమ్మ తనంతట తనే అంది. ఇంటికొచ్చి మా ఆయనకి ఈ మాట మూడుసార్లు చెప్పాను. మూడోసారి ఆయన టీవీ గొంతు పెంచారు.

జూన్ 21

మళ్ళీ మొదలైంది. పదిహేను రోజులు కూడా కాలేదు. తమ్ముడికి ఫోన్ చేసి నలభై అయిదు గ్రాములవి తెమ్మన్నాను. అప్పుడే ఎందుకు అన్నాడు. ఇది బాగా అలవాటైపోయింది, ఇంకా తేలిక కావాలనిపిస్తోంది అన్నాను. అలాగే మొదలవుతుంది ఈ పిచ్చి అని వాడు తెగ సంబరపడ్డాడు. తనకో తోడు దొరికిందనుకున్నట్టున్నాడు.

జూన్ 22

మళ్ళీ ఎనభై ఏడు. మళ్ళీ హాయి.

జులై 10

మా ఆయనతో గొడవ. వారం నుంచి చెవిలో జోరీగలా ఒకటే మాట, డాక్టరు దగ్గరికి పద అని. జాకెట్టు హుక్కులు నేను పెట్టుకోలేకపోతున్నానట. తలుపు తాళం ఎడమచేత్తో తిప్పుతున్నానట. నిన్న గ్లాసు జారిపోయిందట. ఇంట్లో ఈయన చేసే పని ఇదన్నమాట, కూర్చుని నన్ను కనిపెట్టుకుని ఉండడం. ఒంటికాలి మీద లేచాను. చేతకానిదాన్నయితే కోర్టులో అంత వేగంగా ఎలా కొడుతున్నాను అన్నాను.

ఆయన నా రెండు చేతులూ తీసుకుని బల్ల మీద పక్కపక్కన పెట్టారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను. చేతుల వంక చూడలేదు. ఎందుకు చూడలేదో ఇప్పుడు రాస్తుంటే కూడా తెలియడం లేదు.

జులై 14

వెళ్ళాం. డాక్టరు నెమ్మదస్తుడు. మోచేయి దగ్గర నరం నొక్కుకుపోతోంది అన్నాడు. బరువులు మోసేవాళ్ళకీ కోతలు కోసేవాళ్ళకీ వస్తుంది, మోచేతులు బల్లకి ఆనించి ఏళ్ళ తరబడి కూర్చునేవాళ్ళకీ వస్తుందట. తర్వాత ఒకటే ప్రశ్న రెండుసార్లు అడిగాడు. ఈ రెండు నెలల్లో బలం తగ్గుతూ వస్తోందా, ఉన్నట్టే ఉందా? తగ్గుతుంటే వెంటనే పరీక్షలు చేసి ఆపరేషన్ చేయాలి, ఒకసారి కండ కరగడం మొదలైతే తర్వాత నరాన్ని వదులు చేసినా పూర్తిగా తిరిగి రాదు అన్నాడు. ఉన్నట్టే ఉంటే రాత్రి మోచేయి మడవకుండా కట్టు కట్టుకుని మూడు నెలలు చూడొచ్చట.

ఉన్నట్టే ఉంది అన్నాను. నిజానికి జూన్ కంటే ఇప్పుడే బాగా కొడుతున్నాను అని కూడా చెప్పాను. మా ఆయన నోరు తెరవబోతే మోకాలితో పొడిచాను. మూడు నెలల తర్వాత రమ్మన్నాడు.

బయటికొచ్చి ఐస్‌క్రీమ్ తిన్నాను. మా ఆయన తినలేదు.

జులై 15

కట్టు నిద్రలోనే పీకి పారేశానట. ఉదయం మంచం కింద దొరికింది.

జులై 26

ముప్పై అయిదు గ్రాములు. ఇంతకంటే తక్కువవి తన దగ్గర లేవని తమ్ముడు అన్నాడు. ఇవి మీటల్లా లేవు. ఊపిరి తగిలితే దిగేలా ఉన్నాయి. నాకు ఇవే కావాలి.

జులై 30

ఒక చిక్కు వచ్చింది. వేళ్ళు మీటల మీద ఆనిస్తే చాలు, నేను కొట్టకుండానే అక్షరాలు పడుతున్నాయి. అందుకని చేతులు గాలిలో ఉంచి కొడుతున్నాను. సాయంత్రానికి భుజాలు పీకేస్తున్నాయి. లాయరమ్మ రెండుసార్లు స్క్రీన్ నుంచి తల తిప్పి నా వంక చూసింది. ఏమీ అడగలేదు. అడగకపోవడమే నాకు చిరాకుగా ఉంది. ఇంట్లో కాలు కాలిన పిల్లిలా తిరుగుతున్నాను.

ఆగస్టు 6, మధ్యాహ్నం మూడు

లాయరమ్మ ఆఫీసులో కూర్చుని ఉన్నాను. ఆవిడ లోపల ఫైలు వెతుకుతోంది. ఇప్పుడే రాసెయ్యాలి.

ఇల్లు ఖాళీ చేయించే కేసు. మా తరఫు మనిషి ముసలాయన, ముందు వరసలో చేతికర్ర పట్టుకుని కూర్చున్నాడు. ఎదుటి వకీలు ఏదో పాత ఒప్పంద పత్రం బయటికి తీశాడు. దాని మీద ఏమైనా అభ్యంతరం ఉందా అని జడ్జిగారు లాయరమ్మని అడిగారు. నేను కొట్టబోయాను. గాలిలో ఉంచీ ఉంచీ కుడిచెయ్యి దానంతటదే కిందికి దిగిపోయింది. స్క్రీన్ మీద ఒకటే అక్షరం, మూడు వరసలు. లేపుదామంటే రెండు వేళ్ళు లేవలేదు. ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని పక్కకి తీశాను.

జడ్జిగారు రెండోసారి అడిగారు. లాయరమ్మ స్క్రీన్ వంకే చూస్తూ, నేను సరిచేస్తానని ఓపిగ్గా కూర్చుంది. అభ్యంతరం లేదన్నమాట అని జడ్జిగారు పత్రాన్ని స్వీకరించేశారు. వెనక ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆవిడకి వినపడలేదు. నాకు వినపడింది.

తర్వాత ఆవిడ లేచి, జరిగింది చెప్పి, పోరాడి ఆ పత్రం మీద మళ్ళీ వాదించడానికి అవకాశం తెచ్చుకుంది. ముసలాయనకి అసలేం జరిగిందో అర్థమే కాలేదు. బయటికొచ్చాక నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టాడు. చచ్చిపోవాలనిపించింది.

అదే రోజు, సాయంత్రం

ఆవిడ తిట్టలేదు. నా కీబోర్డు తన ముందుకి లాక్కుని ఒక వాక్యం కొట్టబోయింది. వేళ్ళు పెట్టీపెట్టకముందే అక్షరాలు పరుగెత్తాయి. చెయ్యి వెనక్కి తీసుకుని, ఎప్పటి నుంచి ఇలా ఉంది అంది. నేను నోటితో చెప్పేది ఎలాగూ వినపడదు కాబట్టి, కీబోర్డు నా వైపు తోసి కొట్టమంది.

స్ప్రింగులు మార్చానని కొట్టాను. ఇక సాక్షిని అడిగినట్టే అడిగింది. మొదట ఎన్ని గ్రాములు? ఎప్పుడు మార్చారు? ఎందుకు? తర్వాత? అలవాటు కొద్దీ నేను జవాబులతో పాటు ఆవిడ ప్రశ్నలు కూడా కొట్టాను. పదకొండేళ్ళలో ఎంతమంది సాక్షుల మాటలు కొట్టానో, నా మాటలు కొట్టడం ఇదే మొదటిసారి. జూన్ ఎనిమిది, యాభై అయిదు. జూన్ ఇరవై రెండు, నలభై అయిదు. జులై ఇరవై ఆరు, ముప్పై అయిదు. అన్నీ స్క్రీన్ మీద ఒకదాని కింద ఒకటి పడ్డాయి. చదివితే చిన్నపిల్లలకైనా అర్థమవుతుంది.

"మీ చేతిలో బలం తగ్గినప్పుడల్లా మీరు మీట బిగువు తగ్గించుకుంటూ వచ్చారు," అంది లాయరమ్మ. "ఇంక తేడా మీకెలా తెలుస్తుంది? డాక్టరు అడిగితే ఏం చెప్పారు?"

ఉన్నట్టే ఉందని చెప్పాను, అని కొట్టాను. కుడిచేత్తో కాదు. ఎడమచేత్తో, ఒక్కొక్క అక్షరమే.

ఆవిడ చదివి, లేచి వచ్చి నా పక్క కుర్చీలో కూర్చుంది. "ఇది ప్రింట్ తీసుకుని రేపే డాక్టరుకి చూపించండి. నా కేసుల సంగతి నేను చూసుకుంటాను."

అప్పుడు ఏడ్చాను. బాగా ఏడ్చాను. పక్కగదిలోని గుమస్తా తలుపు తీసి, చూసి, మళ్ళీ వేసేశాడు.

ఆగస్టు 7

డాక్టరు ఆ కాగితం రెండుసార్లు చదివాడు. తర్వాత నా కుడిచెయ్యి దీపం కిందికి జరిపి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చోటు చూపించాడు. ఎడమచేతికి అక్కడ కండ ఉబ్బెత్తుగా ఉంది. కుడిచేతికి గుంట ఉంది. జులై పదో తారీఖున మా ఆయన బల్ల మీద పెట్టి చూపించాలనుకున్నది అదే.

మధ్యాహ్నానికి పరీక్షలన్నీ అయిపోయాయి. మంగళవారం ఆపరేషన్. ఉన్నది పోకుండా చూడగలను, పోయింది ఎంత తిరిగొస్తుందో మాటివ్వలేను అన్నాడు. పోయిన నెల చేసి ఉంటే ఇంకాస్త మిగిలేదా అని అడిగాను. ఆయన మంచివాడు, చెప్పడం కష్టం అన్నాడు. మిగిలేది. ఆ నెల నేను పారేసుకున్నదే. కీబోర్డు పారేయలేదు, తమ్ముడు పారేయలేదు.

దారిలో మా ఆయన ఒక్క మాట కూడా దెప్పలేదు. దెప్పి ఉంటే తిరగబడి కాస్త తేలికపడేదాన్ని.

ఆగస్టు 8

తమ్ముడికి ఎవరో చెప్పారు. వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. "నేనే కదక్కా తెచ్చిచ్చింది," అన్నాడు. లోపలికి రారా అంటే రాడు. తెమ్మన్నది నేను, అబద్ధం చెప్పింది నేను, నీ మీద వేసుకోకు అని కసిరి లోపలికి లాగాను. కూర్చుని, కన్నీళ్ళు కారుతుంటే ముక్కు తుడుచుకుంటూ బిస్కెట్లు మొత్తం తినేశాడు.

ఆగస్టు 11

రేపే. కుదురు లేదు. బీరువా రెండుసార్లు సర్దాను, రెండుసార్లూ ముందుకంటే అధ్వాన్నంగా తయారైంది.

లాయరమ్మకి కొత్తావిడ కుదిరిందట. ఆవిడ కోసం ఎడమచేత్తో చీటీ రాశాను, గంట పట్టింది. ఎదుటి వకీలు గొణిగేది కూడా కొట్టాలి, అసలు విషయం అందులోనే ఉంటుంది. జడ్జిగారు నవ్వితే నవ్వారని కొట్టాలి. లాయరమ్మ పెన్ను మూత పెట్టిందంటే చదవడం అయిపోయిందని అర్థం. అంతవరకూ తర్వాతి లైను ఆపాలి. చేతులు నొప్పి పెడితే ఆ రోజే చెప్పాలి.

చీటీ మడిచాక అసూయతో ఒళ్ళు మండింది. ఆ కొత్తావిడ ఎవరో నాకు తెలియదు, అయినా మండింది.

సెప్టెంబర్ 24, ఉదయం ఏడు

చిటికెన వేలు కదిలింది. దుప్పటి మీద, పక్కకి, బియ్యపు గింజంత. మా ఆయన రెండు గింజలంత అన్నారు.

కాదు. ఒక్కటే.